మోకాళ్లు వంచు, మునివేళ్ల మీద నిలబడు

రండి రండి. చెప్పులు అక్కడే వదిలేసి ఫ్యాను కింద కూర్చోండి, కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయి. ఈ ఏటి ఆవకాయ పని అయిపోయింది. మూడోనాడు తిరగకలిపి, జాడీకి వాసెన కట్టి పైన పెట్టేశాం, ఇక దాని ఊసు వద్దు. ఇప్పుడు కబుర్లన్నీ ప్రయాణాలవే. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు, మిగతా సగం ఇళ్ల ముందు డిక్కీ తెరిచిన కార్లు. పాలవాడికీ పేపరువాడికీ నాలుగు రోజులు వద్దని చెప్పడానికే ఒక పూట పడుతోంది.

వెనకటికి వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. చెరువు, చింతచెట్టు, ఆరుబయట నులకమంచం. ఇప్పుడు అమ్మమ్మే మూడో అంతస్తు ఫ్లాటులోకి మారింది. లిఫ్టు చెడితే ఆవిడే కిందికి దిగదు. మరి పిల్లలు ఎక్కడికి పోవాలి? బళ్లో పక్కనున్నవాడు కిందటేడు వెళ్లొచ్చిన చోటికే. మా విజయవాడ పిల్లలకు ఆ చోటు హైదరాబాదు. ఒకరోజు ఫిలిం సిటీ, ఒకరోజు వాటర్ పార్కు. ఏప్రిల్ ఆఖరున బడిగంట ఆగీ ఆగగానే ఇంట్లో ఈ గంట మొదలవుతుంది, టికెట్లు కొనేదాకా ఆగదు.

ఇక ముహూర్తం. మావారికి సెలవు శుక్రవారం దొరికింది. మామగారు పంచాంగం తెరిచి, శుక్రవారం పడమటికి వారశూల, అటు వెళ్లకూడదు అన్నారు. మావారు ఫోనులో మ్యాపు తెరిచి, "హైదరాబాదు మనకు నేరుగా పడమర కాదు నాన్నా, వాయవ్యం" అన్నారు. మామగారు కళ్లజోడు సవరించుకుని, మ్యాపును రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "సరే, వాయవ్యమే" అని ఒప్పుకున్నారు. శాస్త్రమూ నిలిచింది, సెలవూ నిలిచింది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు మాత్రం తప్పలేదు. ఒకటి నలగకుండా దొర్లిపోతే మా చిన్నది ఏరి తెచ్చి గౌను జేబులో దాచుకుంది. దాని కథ ముందుంది.

అన్నట్టు, తిండి సంగతి. ఇలాంటి పార్కుల్లో చాలాచోట్ల బయటి తిండిని లోపలికి రానివ్వరు. ఈ మాట ఇంట్లో అందరికీ తెలుసు, అత్తయ్యగారికి మరీ బాగా తెలుసు. అయినా తెల్లవారుజామున మూడింటికే పోపు వాసన. చింతపండు పులిహోర ఒక గిన్నె, దద్దోజనం ఒక గిన్నె, జంతికల డబ్బా, సున్నుండల డబ్బా. "లోపలికి రానివ్వరు అత్తయ్యా" అంటే, "బయట తినడానికి ఎవరి పర్మిషన్ కావాలి?" అన్నారు. అందుకే ఏ పార్కు ముందు చూసినా పార్కింగులో పొద్దున తొమ్మిదిన్నరకే మధ్యాహ్న భోజనాలు అయిపోతుంటాయి. పక్క కారువాళ్ల గోంగూర మనకు, మన పులిహోర వాళ్లకు. టికెట్ లేని వినోదం అదొక్కటే.

తిండికి తోడు మామిడిపండ్లు. హైదరాబాదులో చుట్టాలింట్లో దిగుతున్నప్పుడు చేతులూపుకుంటూ వెళ్తామా? నూజివీడు చిన్నరసాలు గడ్డి వేసి సర్దిన పెట్టె ఒకటి. దారిలో బాటసింగారం దగ్గర ఏకంగా పండ్ల మార్కెట్టే ఉంది, లారీలకొద్దీ మామిడి. దాని పక్కనుంచే మన పెట్టెను భద్రంగా మోసుకుపోతాం. "అవి కొన్న పళ్లు, ఇవి తెచ్చిన పళ్లు" అంటారు అత్తయ్యగారు. తేడా తెలియనివాళ్లకు విప్పి చెప్పినా తెలియదు.

బండిలో కూర్చోవడం ఒక పంచాయితీ. అద్దెకు తెచ్చిన ఏడు సీట్ల బండి, కిటికీ పక్క సీట్ల కోసం అందరిదీ ఒకటే పోటీ అనుకోండి. చిన్నదాన్ని ముందు సీట్లో తాతగారి ఒళ్లో కూర్చోబెడదామని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టయినా ఉండాలి, పిల్లల సీటయినా ఉండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం లేకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సరే, సడన్ బ్రేకు పడినప్పుడు ఎంత ప్రేమగల ఒడైనా బెల్టు కాలేదు. చిన్నది పదిహేను నిమిషాలు అలిగింది. ఇబ్రహీంపట్నం రాకముందే నిద్రపోయింది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, టైర్లు ఎంత? అందుకే అందరూ ఎండ ముదరకముందే రోడ్డెక్కుతారు. మనది 65వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల నోట్లో ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. పుణెలో మొదలై మచిలీపట్నం దాకా వస్తుంది. మన వాటాకు వచ్చేది సుమారు 270 కిలోమీటర్లు. ఆ 270లో "ఇంకెంత దూరం?" అన్న ప్రశ్న కిలోమీటరుకు ఒక్కసారి వినిపించినా లెక్క తక్కువే.

దానికి మామగారు ఒక ఉపాయం కనిపెట్టారు. మైలురాళ్ల తలలు చూసి రంగు చెప్పాలి. పసుపు తల జాతీయ రహదారి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారి, నారింజ తల పల్లెటూరి రోడ్డు. మా పెద్దాడు పసుపు, అప్పుడే నిద్రలేచిన చిన్నది ఆకుపచ్చ కోరుకున్నారు. జాతీయ రహదారి మీద పోతున్నాం కాబట్టి పెద్దాడికి అరవై మార్కులు, చిన్నదానికి సున్నా. నందిగామలో మొదలైన ఏడుపు జగ్గయ్యపేటలో ఆగింది. ఆటలు పెట్టేముందు పెద్దలు కూడా కాస్త ముందుచూపుతో ఉండాలి.

ఇక టోలుగేట్లు. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి. మా పిల్లలకు ఎక్కాలు తడబడతాయి గానీ ఈ నాలుగూ వరసగా వస్తాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక చిల్లర కోసం సీట్ల కింద వెతుక్కునే వేడుక పోయింది. 2025లోనేమో 3,000 రూపాయలకు ఏడాది పాసు మొదలైంది, 200 సార్లు గేటు దాటొచ్చు. మా ఎదురింటాయన అది కొన్నప్పటినుంచీ కోడలి పుట్టింటికి కూడా తెగ వెళ్తున్నారు. గేటు దాటినప్పుడల్లా మిగిలిన డబ్బును బయటికే లెక్కపెడతారట. డీజిలు మాత్రం ఆ లెక్కలోకి రాదు.

అన్నట్టు, ఇదే పంతంగి గేటు దగ్గర సంక్రాంతికి హైదరాబాదు మొత్తం మనవైపు బారులు తీరుతుంది. వేసవికి మనం అటు బారులు తీరుతాం. చుట్టరికం సమంగా నడవాలంటే ఆ మాత్రం రాకపోకలు ఉండాలి మరి.

గరికపాడు దగ్గర పాలేరు దాటితే తెలంగాణ. చిన్నది అద్దానికి ముక్కు ఆనించి వెతికింది, మ్యాపులో ఉన్న గీత రోడ్డు మీద లేదేమని. ఏరే గీత అని చెప్పాం. ఎండాకాలం కదా, గీత కాస్త సన్నబడింది.

సరిగ్గా ఆ సమయానికే వెనకనుంచి "అమ్మా, కడుపులో ఏదోలా ఉంది." పిల్లలతో రోడ్డు ప్రయాణం చేసినవాళ్లెవరికీ దీని తర్వాతి వాక్యం చెప్పక్కర్లేదు. కళ్లు ఫోనులో, ఒళ్లు కదిలే బండిలో ఉంటే ఎవరిని నమ్మాలో మెదడుకు తెలియదు. ఆ తగువు కడుపు మీదకు వస్తుంది. ఫోను లాక్కుని దూరంగా కొండల్ని చూడమన్నాం. అప్పుడు బయటికొచ్చింది చిన్నదాని జేబులోని నిమ్మకాయ. అన్నయ్య ముక్కు దగ్గర పెట్టి, "పీల్చు, దేవుడి నిమ్మకాయ" అంది. దిష్టి తీయాల్సిన కాయ వికారం తీసింది. అత్తయ్యగారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

సూర్యాపేట వచ్చిందంటే సగం దారి అయినట్టే. ఇడ్లీ, టీ, కాళ్లు సాచుకోవడం, బాత్రూం దగ్గర వరస. ఊరికి ఇవతలే దురాజ్‌పల్లి గుట్ట కనిపిస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో అక్కడ లింగమంతుల జాతర, పెద్దగట్టు జాతర అంటారు. మామగారు కిటికీలోంచి చూపించి, "మా రోజుల్లో పార్కంటే జాతరేరా. రంగులరాట్నం, బొమ్మలు, బత్తాసులు, అన్నీ ఒక్క చోటే" అన్నారు. "టికెట్ ఎంత తాతయ్యా?" అన్నాడు పెద్దాడు. "నడిచొచ్చినవాడికి టికెటేంటి?" అన్నారు. పిల్లవాడు కాసేపు ఆలోచనలో పడ్డాడు. మేమూ పడ్డాం.

రంగులరాట్నం అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు ప్రతి పార్కులోనూ నిలబడే జెయింట్ వీల్‌కు పెద్దమ్మ 1893లో షికాగో ప్రదర్శనలో పుట్టింది. ఫెర్రిస్ అనే ఇంజినీరు 264 అడుగుల ఎత్తున కట్టాడు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. అంటే 2,160 మంది. మా ఆడపడుచు పెళ్లికి వచ్చినవాళ్లంతా ఒక్క విడతలో ఎక్కేసినా, రానందుకు అలిగినవాళ్లకు ఇంకా చోటు మిగులుతుంది.

ఇక చిట్యాల, చౌటుప్పల్ వైపు రోడ్డు పక్కన తాటిముంజలు. బండి ఆపకపోతే పాపం. పెద్దవాళ్లు బొటనవేలితో తోడుకు తింటారు, పిల్లలు చొక్కాతో సహా తింటారు. అక్కడినుంచి పోచంపల్లి ఎంతో దూరం లేదు, ఒక్క చీర చూసి వద్దామన్నాను. 1951లో వినోబా భావే అడిగితే ఆ ఊళ్లో ఒకాయన 100 ఎకరాలు దానమిచ్చాడు. నేనడిగితే మావారు పది నిమిషాలు ఇవ్వలేదు.

ఫిలిం సిటీ మన దారిలోనే, హయత్‌నగర్ కంటే ముందే తగులుతుంది. 1996లో మొదలైంది, 1,600 ఎకరాలకు పైనే, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. బస్సెక్కించి తిప్పుతారు. రైల్వేస్టేషను ఉంటుంది, ఎక్కే రైలుండదు. విమానాశ్రయం ఉంటుంది, ఎగిరే విమానం ఉండదు. ఒకే భవనం ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఇంకొకటి. గుడి సెట్టు దగ్గర అత్తయ్యగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టేశారు. "లోపల దేవుడు లేడు నానమ్మా, షూటింగ్ ఉంటేనే పెడతారట" అన్నాడు పెద్దాడు. "మనం దణ్ణం పెడితే ఆయనే వస్తాడు, షూటింగ్ ఎందుకు?" అన్నారావిడ. దిగే చోటు వచ్చేసరికి బస్సులో ఇంకో ముగ్గురు నానమ్మల చెప్పులు కూడా చేతుల్లో ఉన్నాయి.

రెండోరోజు వాటర్ పార్కు. అసలు కథ ఇక్కడే. వెనకటికి రైల్లో అరటికెట్టు కోసం పిల్లల వయసు తగ్గించేవాళ్లం. అయిదు నిండితే అరటికెట్టు, పన్నెండు దాటితే పూర్తి టికెట్టు. అందుకే అప్పట్లో ఆంధ్రదేశంలో చాలామంది పిల్లలకు నాలుగో ఏడు మూడేళ్లపాటు నడిచేది. ఇప్పుడు పార్కుల వాళ్లు తెలివిమీరారు, వయసు అడగడం మానేసి గోడమీద గీత గీశారు. మేం వెళ్లినచోట 85 సెంటీమీటర్ల లోపైతే ఉచితం, 140 దాటితే పెద్దల టికెట్టు. గీతతో అబద్ధం ఆడించడం కష్టం.

అన్నట్టు, అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫ్లారిడాలో డిస్నీకి పోతారు చూడండి, అక్కడ ఇప్పటికీ వయసే లెక్క, మూడేళ్లలోపు వాళ్లకు టికెట్టు లేదు. అందుకే మూడో పుట్టినరోజుకు ముందే ప్రయాణం పెట్టుకునేవాళ్లున్నారు. డాలస్ నుంచి కారులో వెయ్యి మైళ్లు దాటే దారి. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లో, కూలరు పెట్టెలో పులిహోర. పైగా అక్కడ ఇంటి తిండి లోపలికి రానిస్తారు. ఈ సంగతి అత్తయ్యగారితో అన్నాను, అప్పటినుంచీ పాస్‌పోర్టు గురించి అడుగుతున్నారు.

సరే, మన గీత దగ్గరికి వద్దాం. మా పెద్దాడు సరిగ్గా 140 దగ్గర ఉన్నాడు. మావారు వాడి చెవిలో, "కాస్త మోకాళ్లు వంచరా" అన్నారు. వాడికి పౌరుషం పొడుచుకొచ్చి మునివేళ్ల మీద నిలబడ్డాడు. గీత దాటింది, పెద్దల టికెట్టు. తండ్రి ముఖం ముడుచుకుంది, కొడుకు ఛాతీ విచ్చుకుంది. గంట తర్వాత పెద్ద రైడు దగ్గర మళ్లీ ఇంకో గీత. ఇక్కడా 140 ఉంటేనే ఎక్కనిస్తారు. బూట్లు విప్పించి, మడమలు ఆనించమన్నారు. వేలెడు తక్కువ. ఇప్పుడు మావారు, "మునివేళ్ల మీద నిలబడరా, టికెట్టుకు డబ్బు కట్టాం" అని ఒకటే పోరు. కొలిచే పిల్లవాడు నవ్వాడు గానీ నిలువు కర్ర నవ్వలేదు. ఏ పార్కులో చూసినా ఈ నాటకం ఇంతే. డబ్బు దగ్గర పిల్లలు పొట్టిగా ఉండాలి, సరదా దగ్గర పొడుగ్గా ఉండాలి.

ఎక్కగలిగినవాళ్ల సంగతి చెబుతాను. రోలర్ కోస్టర్‌ను ఫ్రెంచివాళ్లు రష్యా కొండలంటారట, రష్యావాళ్లేమో అమెరికా కొండలంటారట. భయపెట్టేది ఏదైనా పక్క దేశానిదే అనడం లోకమంతా ఉంది. దాని మర్మం చిన్నదే. మొదటి మెట్టకు గొలుసుతో లాగి వదిలేస్తారు. చాలావాటికి ఆ తర్వాత ఇంజినుండదు, కిందికి జారిన ఊపుతోనే తర్వాతి మెట్ట ఎక్కాలి. అందుకే తర్వాతి మెట్టలేవీ మొదటిదాని ఎత్తును మించవు. మావారి జీతం కూడా అంతే. ఒకటో తారీఖున బ్యాంకు పైకి లాగి వదులుతుంది, అక్కడినుంచి నెలాఖరుదాకా కేకలే.

ఇక నీళ్లలోకి దిగాలంటే నైలాను లాంటి బట్టలే ఉండాలంటారు. నూలు చీరతో వచ్చిన అత్తయ్యగారు మొదట ససేమిరా అన్నారు. మనవరాలు చెయ్యి పట్టి లాగితే చివరికి అద్దె బట్టలు కట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో కుర్చీ వేయించుకు కూర్చున్నారు. అరగంటకు వేవ్ పూల్ సైరన్ మోగింది. తిరిగి చూస్తే కుర్చీ ఒక్కటే ఉంది, ఆవిడ అలల్లో ఉన్నారు. సాయంత్రం రెయిన్ డాన్సులో కూడా కనిపించారని పక్క ఊరివాళ్లెవరో చెప్పారు. ఫొటోలు మాత్రం ఇంటికి రాకూడదని ఆజ్ఞ.

అన్నట్టు, ఆ పెద్ద రైడు బయట బోర్డు మీద ఇంకో వరస కూడా ఉంటుంది. రక్తపోటు ఉన్నవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎక్కరాదని. అలా మామగారు ఆ వరస దగ్గర, చిన్నది గీత దగ్గర ఆగిపోయారు. ఇద్దరూ వేపచెట్టు కింద బెంచీ మీద. ఒళ్లో మా అందరి చెప్పులు, ఫోన్లు, కళ్లజోళ్లు, తడి తువ్వాళ్లు. మేము పైనుంచి అరుస్తూ కిందికొచ్చేసరికి వాళ్లిద్దరూ వచ్చేపోయేవాళ్ల అరుపులకు మార్కులు వేస్తున్నారు. మావారికి పదికి తొమ్మిదట. పెద్దాడిని గీత దగ్గర ఆపేశారు కదా, వాడూ పోయి ఆ బెంచీ చివర కూర్చున్నాడు. కాసేపటికి వాడూ మార్కులు వేయడం మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ "ఇంకెంత దూరం" అనలేదు. పంతంగి దాటకముందే వెనక సీట్లన్నీ గురకలు. మామిడిపండ్ల పెట్టె ఖాళీగా తిరిగొస్తుందనుకున్నాం. చుట్టాలు అందులో సకినాలు నింపి పంపారు. ఖాళీ పెట్టె పంపడం మనలో ఎక్కడుంది?

ఇంటికి రాగానే చిన్నది పెన్సిలు తెచ్చి వంటింటి తలుపు చట్రానికి అన్నయ్యను నిలబెట్టి గీత గీసింది. తర్వాత తనకు. తర్వాత స్టూలు ఎక్కి తాతయ్యకు. గీత చూసుకుని తెల్లబోయింది. "నువ్వింత పొడుగున్నావు కదా తాతయ్యా, మరి నిన్నెందుకు ఎక్కనివ్వలేదు?"

"నేనెక్కితే నీ పక్కన ఎవరు కూర్చుంటారే?" అన్నారు మామగారు.

ఇక ఉంటాను. జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు, యూనిఫారాలు కుట్టించాలి. టైలరు టేపు పట్టుకోగానే ఈ వీధిలో తల్లులందరం చెప్పే మాట ఒక్కటే: "పెరిగే పిల్లలు బాబూ, రెండంగుళాలు ఎక్కువే పెట్టు." ఈ ఒక్క కొలత దగ్గర మోకాళ్లు వంచమని గానీ, మునివేళ్ల మీద నిలబడమని గానీ ఎవరూ అనరు.